ఇంగ్లండు వంటింట్లో నా కప్పు

ఇంగ్లండు వెళ్లొచ్చినవాళ్లందరూ రాస్తారు కాబట్టి నేనూ రాస్తున్నాను. వాళ్లు చూసిన రాణిగారి మేడ, గంటల గోపురం నేనూ చూశాను. బయటి నుంచి చూడ్డానికి టిక్కెట్టు అక్కర్లేదు. అవి ఎలా ఉంటాయో కిరాణా కొట్టు క్యాలెండర్లలో ఉంది గనక మళ్లీ చెప్పను. నేను చెప్పబోయేది ఒక వంటింటి సంగతి. మూడు వారాల విదేశీ చదువులో నాకు వంటబట్టిందంతా అక్కడే వంటబట్టింది.

గుంటూరు

ఎనభైల మధ్యలో, నేను బి.ఏ. రెండో ఏడు పరీక్షలు రాసి కూచున్న వేసవిలో, మా కాలేజీకి ఇంగ్లండు చర్చి సంఘం ఒకటి ఉత్తరం రాసింది. రంగు, మతం, భాష వేరైన జనం ఒకే ఊళ్లో కలిసి ఎలా బతకాలో మా దగ్గర చూసి నేర్చుకోవడానికి విద్యార్థుల్ని పంపండి, ఖర్చులన్నీ మావే అని దాని సారాంశం. ఆ విద్య గుంటూరు జిల్లాలో దొరకదని అంత దూరంలో ఉన్నవాళ్లకి ఎవరు చెప్పారో తెలియదు.

నలుగురు విద్యార్థులు, వెంట ఒక లెక్చరరు. ఎకనామిక్స్ చెప్పే ప్రభాకరరావుగారు ముందు తనని ఎంపిక చేసుకుని, తర్వాత తీరిగ్గా మమ్మల్ని ఎంపిక చేశారు. ఇద్దరు మగపిల్లలు వచ్చారు గాని వాళ్ల గురించి రాయడానికేమీ లేదు. మూడు వారాలూ వాళ్లు టేప్ రికార్డర్లు అమ్మే కొట్ల అద్దాలకి అతుక్కుపోయి ఉన్నారు. మూడో మనిషి సుజాత. పేదవర్గం నుంచి ఒకరుంటే సంతోషిస్తామని ఉత్తరంలో ఉందట, ఆ సంతోషం నేను.

సుజాతదీ నాదీ పర్చూరు పక్కన ఒకే ఊరు. ఒకే ఊరని మాటవరసకి అన్నాను. వాళ్లుండేది ఊళ్లో, మేముండేది పల్లెలో. మా వైపు పల్లె అంటే ఊరి బయట, మురుగు పారే దిక్కున, మావాళ్లని ఉంచిన చోటు. మా నాన్న ఆదివారం పల్లె చర్చిలో వాక్యం చెప్తాడు, మిగిలిన ఆరు రోజులు కూలికి పోతాడు. మా అమ్మ ఏటా సుజాతావాళ్ల చేలో మిరపకాయలు కోస్తుంది. గుంటూరు కాలేజీలో నేను సుజాతని సుజాతా అనే పిలుస్తాను. పర్చూరు బస్టాండులో కాలు పెట్టగానే ఆవిడ సుజాతమ్మగారు అవుతుంది. మా ఇద్దరికీ ఇది ఎంత అలవాటంటే బస్సు దిగుతూ దిగుతూనే మారిపోతాం.

బయల్దేరే ముందు అమ్మ నాకు ఒక సీసా కారప్పొడి, ఒక మాట ఇచ్చింది.

"ఆయమ్మ మనసు నొచ్చుకునే పని చెయ్యమాక. మిరపకోతకి పిలిచేది వాళ్లు. పిలుపు రాకపోతే నేను యాడికి పోవాల?"

ప్రభాకరరావుగారు కూడా మాకు వారం రోజులు తర్ఫీదు ఇచ్చారు. ముళ్లచెంచా ఎడమ చేత్తో పట్టుకోవాలి, త్రేన్చకూడదు, మన దేశం గురించి ఎవరైనా అడిగితే భిన్నత్వంలో ఏకత్వం అని చెప్పాలి. మళ్లీ అడిగితే నవ్వాలి. నాకు మాత్రం ఒకటే ఆశ ఉండేది. నేను ఎవరి కూతుర్నో, ఊరికి ఏ దిక్కున పుట్టానో తెలియని జనం మధ్య మూడు వారాలు మామూలు మనిషిలా తిరగాలని. ఏకత్వం సంగతి ప్రభాకరరావుగారు చూసుకుంటారు.

మద్రాసు రైలు

సుజాత మంచి పిల్ల. అదే నాకు చిక్కు. చెడ్డదైతే ఈ కథనం మూడు పేజీల్లో అయిపోయేది. నాకు చలికోటు లేదని తన పాత స్వెట్టరు ఇచ్చింది. రైల్లో వాళ్లమ్మ కట్టిచ్చిన పులిహోర తీసి ముందు నాకే పెట్టింది. ఎలా పెట్టిందంటే, నా విస్తరాకుకి జానెడు ఎత్తు నుంచి వదిలింది. నీళ్లూ అంతే, నేను దోసిలి పట్టాను, తను పైనుంచి పోసింది. రైలు అంత ఊగుతున్నా ఒక్క చుక్క పక్కన పడలేదు. ఎన్ని తరాల సాధన ఉంటే ఆ గురి కుదురుతుందో లెక్కవేసుకోండి. ఇందులో ఏదో ఉందని సుజాతకి తోచలేదు. ఆ క్షణాన నాకూ తోచలేదని ఒప్పుకోవాలి, పులిహోర బాగుంది.

లండన్

లండన్‌లో మూడు రోజులున్నాం. అక్కడ కప్పు టీ మన డబ్బుల్లో దాదాపు ఏడు రూపాయలు. మా అమ్మ పొద్దున్నుంచీ పొద్దుగూకేదాకా నడుం వంచి కాయలు కోస్తే వచ్చే కూలి. అందుకని మొదటి కప్పు అరగంట తాగాను. రెండోది అడగలేదు.

ఒక బస్సులో కండక్టరు పెద్దావిడ, నల్లటి మనిషి. ఎక్కడో సముద్రంలో ద్వీపం నుంచి చిన్నప్పుడే వచ్చిందట. చిల్లర నా అరచేతిలో పెట్టి, చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయేమని నా చెయ్యి తన రెండు చేతుల్లో పట్టుకుని రుద్దింది. మా ఊరి కొట్టులో చిల్లర ఎప్పుడూ నా చేతికి తగలదు, పైనుంచి జారుతుంది. నేను దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు పోయాను. దారి తప్పానని ప్రభాకరరావుగారు చివాట్లు పెట్టారు. చివాట్లకి తగిన ప్రయాణమే.

మూడో రోజు అసలు చదువు మొదలైంది. ఒక హాల్లో దీపాలార్పి తెరమీద బొమ్మలు చూపించారు. కొన్నేళ్ల కింద ఆ నగరంలోనే ఇళ్ల కిటికీలకి నల్లవాళ్లకు గదులు ఇవ్వం అని బోర్డులు వేలాడేవట. బోర్డుల బొమ్మలు చూసి సుజాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. నిజంగానే ఏడ్చింది, నటన కాదు. ప్రభాకరరావుగారు లేచి నిలబడి, క్రీస్తుని నమ్ముకున్న దేశంలో తోటి మనిషిని గుమ్మంలోకి రానివ్వకపోవడం ఎలా సాధ్యమని అడిగారు. అందరూ సిగ్గుతో తలలు దించుకున్నారు. ప్రభాకరరావుగారి తాతల కాలంలోనే వాళ్ల కుటుంబం పొలాలతో సహా క్రైస్తవంలోకి వచ్చింది. మా పల్లె చర్చికి వచ్చి ఒక్కసారి వాక్యం చెప్పమని మా నాన్న ఆయన్ని నాలుగేళ్లుగా పిలుస్తున్నాడు. ప్రభువు మా పల్లెలోకి వచ్చాడు గాని ప్రభాకరరావుగారు ఇంకా రాలేదు.

మిల్లుల ఊరు

అక్కణ్ణించి ఉత్తరాదిన నూలు మిల్లుల ఊరికి వెళ్లాం. ఊరి పేరు మా నాన్నకి ఇప్పటికీ నోరు తిరగదు, కాబట్టి రాయను. మిల్లులన్నీ మూతపడ్డాయి. ఎర్ర ఇటుకల గోడలు, పొగరాని గొట్టాలు మిగిలాయి. తెల్లవాళ్లు, పాకిస్తాన్‌వాళ్లు, మన గుజరాతీలు ఒకే వీధిలో ఉంటారు, ఒకరి కూర వాసన గురించి ఒకరు ఫిర్యాదు చేసుకుంటూ. దీన్నే కలిసి బతకడం అంటారని మాకు నేర్పారు. నాకైతే గొప్పగానే అనిపించింది. ఫిర్యాదు చేసేంత దగ్గరగా మా ఊళ్లో ఎవరున్నారు గనక.

సుజాతనీ నన్నూ డోరతీ అనే ముసలావిడ ఇంట్లో దించారు. భర్త పోయాడు. నలభై ఏళ్లు మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసి, ఆ రొదకి చెవులు సగం పోయాయి. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. ఇంగ్లీషువాళ్లంతా గుసగుసగా మాట్లాడతారు గనక ఆవిడకి విసుగు. గుంటూరు గొంతులు రాగానే ప్రాణం లేచొచ్చింది. మాది పత్తి పండే నేల అని చెప్పగానే నా చీర కొంగు రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసి, ఎంత సన్నటి నూలో చెప్పింది. ఆ చీర కట్టుకున్న నాకు తెలియదు.

తిండి విషయానికొస్తే వాళ్లు బంగాళాదుంపల్ని ఉడికిస్తారు. అంతే, ఆ తర్వాత ఏమీ చెయ్యరు. నేను అమ్మ ఇచ్చిన కారప్పొడి చల్లుకుంటుంటే డోరతీగారు కూడా ఒక చెంచాడు వేసుకుంది. ముఖం కందగడ్డయింది, మూడు గ్లాసుల నీళ్లు తాగింది. మర్నాడు భోజనానికి కూర్చోగానే ఆ ఎర్ర సీసా ఎక్కడని అడిగింది.

ఇక అసలు సంగతి. మొదటి రోజు పొద్దున డోరతీగారు కొక్కేలకి వేలాడే కప్పుల్లోంచి చేతికందిన మూడు తీసి టీ పోసి బల్లమీద పెట్టింది. ఎవరిది ఏదని లేదు. నేను వాళ్లిద్దరూ తీసుకునేదాకా ఆగి, మిగిలింది తీసుకున్నాను. తాగాక, ఎవరూ చెప్పకుండానే, నా కప్పు నేను కడిగి, మిగతావాటికి తగలకుండా కిటికీ గట్టు మీద విడిగా బోర్లించాను. నా ఊరు ఎవరికీ తెలియని చోట, ఎవరూ అడగని చోట, నా చెయ్యే అందరికీ చెప్పేసింది. మా ఊరి టీ కొట్లో పల్లెవాళ్ల గ్లాసులు చూరులో దోపి ఉంటాయి. తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టాలి. చిన్నప్పట్నుంచీ చేసిన పని సముద్రం దాటినా చెయ్యి మరవలేదు.

డోరతీగారు కప్పునీ నన్నూ మార్చి మార్చి చూసి, అలా ఎందుకు పెట్టిందని సుజాతని అడిగింది. సుజాత ఆవిడకి అర్థమయ్యేలా పెదాలు తిప్పుతూ, నెమ్మదిగా, చాలా మర్యాదగా చెప్పింది. "కరుణావాళ్లలో కప్పు వేరుగా పెట్టుకుంటారండీ. వాళ్ల ఆచారం."

మా ఆచారమట. నాకు ఒళ్లు మండింది. కాదు అనడానికి నోరు తెరిచాను. మిరప చేలో వంగి ఉన్న అమ్మ వీపు కళ్లముందు కదిలింది. నోరు మూసుకున్నాను.

మర్నాడు డోరతీగారు బజారుకెళ్లి నాకోసం ఒక పింగాణీ కప్పు కొనుక్కొచ్చింది. దానిమీద గులాబీ పూలు, చెవికి రిబ్బను. ఒక కాగితం ముక్క మీద నా పేరు రాసి అతికించి, కిటికీ గట్టు మీద దాని కింద చిన్న గుడ్డ కూడా పరిచింది. మీ ఆచారానికి నా ఇంట్లో లోటు రాకూడదు అంది, ఎంతో ప్రేమగా. నా కోసమని ఎవరైనా కొన్న మొదటి కప్పు అది. అంటరానితనాన్ని గులాబీలు వేయించి, రిబ్బను కట్టి కానుకగా అందుకున్న మనిషి మా పల్లెలో నేనొక్కదాన్నే.

అంతటితో ఆగలేదు. ఈ కబురు చర్చి సంఘంలో పాకింది. కార్యక్రమం నడిపే పెద్దావిడ నన్ను కప్పుతో సహా నిలబెట్టి ఫోటో తీయించి, ఒకరి అలవాటుని మరొకరు గౌరవించడమంటే ఇదీ అని అందరికీ చెప్పింది. చప్పట్లు కొట్టారు. ప్రభాకరరావుగారు కూడా కొట్టారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, ఇంటిగుట్టు పరాయి దేశంలో బయటపెట్టకమ్మా, నువ్వు బుద్ధిమంతురాలివి అన్నారు. బుద్ధిమంతురాల్ని కాబట్టి పదకొండు రోజులు ఆ కప్పులో టీ తాగాను.

డాక్టరుగారి విందు

ఆ ఊళ్లో ఒంగోలు వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగు డాక్టరుగారు ఒకాయన ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నం మా అందర్నీ భోజనానికి పిలిచారు, డోరతీగారితో సహా. గుమ్మంలో అడుగుపెట్టేసరికి గోంగూర తాలింపు వాసన. రెండు వారాలు బంగాళాదుంపలు తిన్న నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

డాక్టరుగారు ఆప్యాయంగా నా పక్కన కూచుని ఏ ఊరమ్మా అన్నారు. చెప్పాను. ఇంటిపేరేమిటన్నారు. చెప్పాను. ఊళ్లోనా, ఊరవతలా అన్నారు. ఇంగ్లండు దేశమంతా కలిసి కనిపెట్టలేనిది ఆయన మూడు ప్రశ్నల్లో పట్టేశారు. లేచి వంటింట్లోకి వెళ్లి వాళ్లావిడతో ఏదో చెప్పి వచ్చి, ఈసారి ప్రభాకరరావుగారి పక్కన కూచున్నారు.

తర్వాత తన బాధలు చెప్పుకొచ్చారు. పదేళ్లుగా ఆస్పత్రిలో తనకంటే చిన్నవాళ్లు పైకి పోతున్నారట, తనని మాత్రం కింద కూచోబెట్టారట. "చదువు చూడరండీ, పనితనం చూడరు. పుట్టుక చూస్తారు" అన్నారు. ప్రభాకరరావుగారు అన్యాయం, అన్యాయం అని తలాడించారు. నేనూ జాలిపడ్డాను. ఆ బాధ ఆయనకి నిజంగానే ఉంది.

వాళ్లావిడ వడ్డన మొదలుపెట్టింది. అందరికీ గుంటూరు నుంచి తెచ్చుకున్న స్టీలు కంచాలు, స్టీలు గ్లాసులు. డోరతీగారికి పూల పింగాణీ. నాకు కాగితం ప్లేటు, కాగితం గ్లాసు. కంచాలు చాల్లేదమ్మా, ఏమీ అనుకోకు అంది. ఆవిడ వెనకాల అలమరలో డజను కంచాలు తళతళలాడుతున్నాయి.

డోరతీగారికి ఆనందం పట్టలేకపోయింది. నా భుజం తట్టి, "చూశావా కరుణా, నీ ఆచారం వీళ్లకి కూడా తెలుసు" అంది.

ఆ ముసలావిడ ముఖం చూశాను. అంత మంచి మనిషి, అంత సంతోషంగా, అబద్ధాన్ని నమ్మి నవ్వుతోంది. సుజాత నావైపే చూస్తోంది, వద్దన్నట్టు. అమ్మ మాట గుర్తుంది. మిరపకోతలు గుర్తున్నాయి. అయినా ఇక నా వల్ల కాలేదు.

"అది నా ఆచారం కాదండీ. నేను తాగిన కప్పు వీళ్లు ముట్టుకోరు. ముట్టుకుంటే మైలపడతారట. నేను పుట్టిన కులం అలాంటిది."

డోరతీగారికి సగమే అందింది. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ చెప్పమంది. ఒకసారి చెప్పడానికి ఇరవై ఏళ్లు పట్టిన మాటని వెంటనే రెండోసారి, ఆవిడ ముఖంలోకి చూస్తూ, ఒక్కో మాటా విడదీసి, గుంటూరు గొంతుతో చెప్పాల్సి వచ్చింది. వీధిలోకి కూడా వినపడి ఉంటుంది.

డోరతీగారు చేతిలో చెంచా కింద పెట్టేసింది. నాతోనే అంది, కోపంగా. "పదకొండు రోజులు నా ఇంట్లో, నా చేతులతో నీకు ఆ పని చేయించావా?"

ఆవిడ నన్ను ఓదారుస్తుందనుకున్నాను. తిట్టింది. ఆలోచిస్తే న్యాయమే, నా నోరు మూసుకుని ఆవిడ చేతులు కూడా మురికి చేశాను. డాక్టరుగారి భార్య పెరుగు గిన్నె తెచ్చి, పెరుగు వేసుకోండి, ఇంట్లో తోడేసిందే అంది. అందరూ వేసుకున్నారు.

మళ్లీ ఆ వంటింట్లో

మర్నాడు పొద్దున కిటికీ గట్టు ఖాళీగా ఉంది. గులాబీల కప్పు మిగతావాటితో పాటు కొక్కేనికి వేలాడుతోంది, నా పేరు కాగితం పీకేసి ఉంది. డోరతీగారు మూడు కప్పులు దించి టీ పోసింది. ముందురోజు తను తాగిన కప్పు నాకిచ్చింది. గులాబీల కప్పు తను తీసుకుంది. మూడోది సుజాత ముందు పెట్టింది. ఆ మూడో కప్పులో నేను మొదటి రోజు తాగానో లేదో దేవుడికే తెలియాలి, కప్పులన్నీ ఒకే తొట్లో మునిగి ఒకే గుడ్డతో తుడుచుకున్నాయి.

సుజాత కప్పు వంక చూస్తూ కూచుంది. తలనొప్పిగా ఉంది, టీ వద్దంది. డోరతీగారు పెరట్లోకి వెళ్లాక నాతో అంది, "నేనేం చెయ్యను కరుణా. ఎత్తి తాగుదామనే అనుకున్నా. ఒళ్లు ఒప్పుకోవట్లా." కళ్లనిండా నీళ్లు. లండన్ హాల్లో బోర్డులు చూసి ఏడ్చిన కళ్లే. నాకు కోపం రాలేదు, మా ఇద్దరి మీదా జాలేసింది. నా చెయ్యి కప్పుని వేరుగా పెట్టినట్టే, తన చెయ్యి కప్పుని ఎత్తలేకపోయింది. కాకపోతే ఆ తేడాకి నష్టపోయేది ఎప్పుడూ నేనే గనక, జాలి ఎక్కువసేపు ఉంచుకోలేదు. తన కప్పు నావైపు లాక్కుని అదీ తాగేశాను.

మిగిలిన అయిదు రోజులూ సుజాత టీ ముట్టలేదు. చివరి రోజు మాకు యోగ్యతా పత్రాలిచ్చారు. మనుషులంతా ఒక్కటే అన్న అంశం మీద రాసిన వ్యాసాల్లో సుజాతకి మొదటి బహుమతి వచ్చింది. వ్యాసం బాగుందని చెప్పాలి, ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు.

మా ఊరు

తిరిగొచ్చాక గుంటూరులో సన్మానం జరిగింది. తెల్లవాళ్ల వర్ణవివక్ష మీద ప్రభాకరరావుగారు గంటసేపు మాట్లాడారు. నన్ను వేదికెక్కించారు గాని మైకు నాదాకా రాలేదు. డాక్టరుగారింటి సంగతి సుజాత చెప్పిందో, ప్రభాకరరావుగారే చెప్పారో, వానలు పడేనాటికి ఊళ్లో తెలియనివాళ్లు లేరు. అమ్మ మాత్రం నన్నేమీ అడగలేదు. అక్కడ చలి ఎట్టా ఉందే అని అడిగి ఊరుకుంది.

క్రిస్మస్ వెళ్లాక మిరప పండింది. కోతలు మొదలయ్యే రోజు కూలీల మేస్త్రి పొద్దున్నే పల్లెలోకొచ్చి ఇంటింటి ముందూ ఆగి పిలుపు చెప్పాడు. మా పక్కింటి ముందు ఆగాడు. మా ఇల్లు దాటి, అవతలింటి ముందు ఆగాడు. అమ్మ గుమ్మంలో తలగుడ్డ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఇరవై ఏళ్లుగా ఆ చేలో మొదటి సాలు అమ్మదే.

నేను దగ్గరికెళ్లి జరిగిందంతా చెప్పాను. కప్పు, గులాబీలు, కాగితం ప్లేటు, నేనన్న మాట, సుజాత తాగని టీ, అన్నీ. చెప్తున్నంతసేపూ నాకు ఏడుపు ఆగలేదు. నీ నోటి దగ్గర కూడు నేనే తీసేశానమ్మా అన్నాను. అమ్మ మేస్త్రి వెళ్లిన వైపే చూస్తూ విన్నది. పక్కూళ్లో కోతలు ఉన్నాయి గాని, మూడు మైళ్లు నడవాలి.

"ఇంతకీ ఆయమ్మ వదిలేసిన టీ బాగుందా?" అంది.

"బాగుందమ్మా. ఆయమ్మ చక్కెర ఎక్కువేసుకునేది."

"మిగతా అయిదు రోజులయ్యి కూడా తాగావా?"

"లేదు. ఆ ఒక్కరోజే."

"తాగాల్సింది" అని అమ్మ తలగుడ్డ బిగించుకుని పక్కూరి దారి పట్టింది.